నేల తాబేలుకు వెచ్చటి, భద్రమైన గూడు: తరచుగా అడిగే ప్రశ్నలు

తాబేలు పెంచుతున్నానని తెలిసిన ప్రతి ఒక్కరూ నన్ను దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. మాటలు మారతాయి గానీ సందేహం మాత్రం అదే. ప్రతిసారీ మొదట్నుంచి చెప్పుకొచ్చే బదులు అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమయ్యేలా రాశాను కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు. ఉష్ణోగ్రతలన్నీ సెంటీగ్రేడ్‌లోనే ఇచ్చాను.

## ఇంటికి తెచ్చే ముందు

మా దగ్గరున్నది నేల తాబేలో నీటి తాబేలో ఎలా తెలుస్తుంది?

కాళ్ళు చూడండి. నేల తాబేలు వెనక కాళ్ళు ఏనుగు కాళ్ళలా గుండ్రంగా, మొద్దుగా ఉంటాయి, వేళ్ళ మధ్య చర్మం ఉండదు. నీటి తాబేలుకు వేళ్ళ మధ్య బాతుకున్నట్టు పొర ఉంటుంది, డిప్ప కూడా కాస్త చదునుగా ఉంటుంది. ఇక్కడ రాసిందంతా నేల తాబేళ్ళ గురించే. రెండింటినీ మనం తాబేలు అనే పిలుస్తాం కాబట్టి ఈ పొరపాటు తరచూ జరుగుతుంది. నేల తాబేలుకు ఈత రాదు, లోతు నీళ్ళలో వదిలితే మునిగి చచ్చిపోతుంది.

అన్ని నేల తాబేళ్ళకూ ఒకే వేడి సరిపోతుందా?

సరిపోదు. హెర్మన్, గ్రీక్, రష్యన్ తాబేళ్ళకు ఎండ కాచుకునే చోట 32 నుంచి 35 డిగ్రీలు, చల్లటి వైపు 20 నుంచి 24 డిగ్రీలు ఉంటే హాయిగా ఉంటాయి. సుల్కాటా, లెపర్డ్ తాబేళ్ళకు కాచుకునే చోట 35 నుంచి 38 దాకా కావాలి, మిగతా గూడు కూడా వెచ్చగానే ఉండాలి. అడవి నీడలో బతికే రెడ్‌ఫుట్‌కు అంత మండే వేడి అక్కర్లేదు. 30, 32 డిగ్రీల చోటొకటి ఉండి మిగతాదంతా 26, 28 మధ్య ఉంటే చాలు, కానీ గాలిలో తేమ 70, 80 శాతం ఉండాలి. అందుకే జాతి తెలియకుండా బల్బు కొనకండి. అమ్మినవాళ్ళు చెప్పిన పేరు ఒక్కోసారి తప్పవుతుంది, నాలుగు ఫొటోలు తీసి సరీసృపాలు తెలిసిన పశువైద్యులకు చూపించి ఖాయం చేసుకోండి.

పెంచుకోవడానికి అనుమతి కావాలా?

చాలా జాతులకు కావాలి. నక్షత్ర తాబేలునే తీసుకోండి, దొంగ రవాణా విపరీతంగా ఉండడంతో 2019లో దాన్ని సైటిస్ ఒప్పందం (అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే దేశాల ఒప్పందం) మొదటి అనుబంధంలో చేర్చారు, అంటే అంతర్జాతీయ వ్యాపారంలో అత్యంత గట్టి నిషేధం ఉన్న జాబితా అది. మీరుండే చోట చట్టం ఏమంటుందో కనుక్కోండి, కాగితాలు లేని తాబేలును ఎవరు ఎంత బతిమాలినా తీసుకోకండి. అడవి నుంచి పట్టుకొచ్చిన తాబేలు ఒక్కటి ఇంటికి చేరే లోపు దారిలో ఎన్ని చనిపోయి ఉంటాయో ఒక్కసారి ఆలోచించండి.

అరచేతిలో ఇమిడేంత పిల్లే కదా, ప్రస్తుతానికి అట్టపెట్టెలో పెట్టి పైన బల్బు వేలాడదీస్తే చాలదా?

దయచేసి ఆ పని చేయకండి. అట్టపెట్టె, ఎండుగడ్డి, వేడి బల్బు, ఈ మూడూ ఒకచోట చేరితే నిప్పు అంటుకోవడానికి ఇంకేమీ అక్కర్లేదు. పైగా అట్ట తడిస్తే బూజు పడుతుంది, పొడిగా ఉంచితే పిల్ల ఒంట్లో నీరు ఆరిపోతుంది. బట్టలు పెట్టుకునే పెద్ద ప్లాస్టిక్ డబ్బా అయినా నయమే, బల్బు మాత్రం దాని గోడలకు తగలకుండా విడిగా ఒక స్టాండు మీద నుంచి వేలాడాలి.

చివరికి ఎంత పెద్దదవుతుంది?

హెర్మన్, రష్యన్ లాంటివి 15 నుంచి 25 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతాయి. సుల్కాటా అలా కాదు. ప్రపంచంలో గాలాపగోస్, ఆల్డాబ్రా తాబేళ్ళ తర్వాత అంత పెద్ద నేల తాబేలు అదే, 40 కిలోలు దాటడం మామూలు, మీటర్ల కొద్దీ సొరంగాలు తవ్వుతుంది. నిమ్మకాయంత పిల్లను చూసి ముచ్చటపడి తెచ్చుకుని, పదేళ్ళ తర్వాత చోటు లేక ఎవరికివ్వాలో తెలియక ఏడ్చేవాళ్ళున్నారు.

## గూడు సిద్ధం చేసేటప్పుడు

చేపల గాజు తొట్టి ఖాళీగా ఉంది, అందులో ఉంచొచ్చా?

నేనైతే వద్దంటాను. గాజు కనిపించదు కాబట్టి అది గోడ అని తాబేలుకు అర్థం కాదు, అవతలికి వెళ్ళడానికి గంటల తరబడి అదే మూలలో గోకుతూ ఉంటుంది. అది ఆడుకుంటోందని చాలామంది అనుకుంటారు, నిజానికి అది తట్టుకోలేక పడే అవస్థ. రెండో ఇబ్బంది ఇంకా పెద్దది. తొట్టి ఇరుకు, గాలి ఆడదు, పైనుంచి బల్బు వేస్తే కాసేపటికే మొత్తం ఒకే వేడికి వచ్చేస్తుంది, చల్లటి వైపంటూ మిగలదు. తప్పనిసరై కొన్నాళ్ళు వాడాల్సి వస్తే నాలుగు వైపులా బయట నుంచి కాగితం అంటించి చూపు మూసేయండి, ఎండ పడే కిటికీ దగ్గర మాత్రం ఎప్పుడూ పెట్టకండి.

మూత ఉన్న పెట్టె మంచిదా, పైన తెరిచి ఉండే బల్ల లాంటిది మంచిదా?

తాబేలు వయసును బట్టి, మీ గదిని బట్టి ఉంటుంది. తెరిచి ఉన్నదాంట్లో గాలి బాగా ఆడుతుంది, ఒక చివర వేడి, ఇంకో చివర చల్లదనం సులువుగా కుదురుతాయి, హెర్మన్, గ్రీక్ లాంటి మధ్యధరా జాతుల పెద్ద తాబేళ్ళకు అదే బాగుంటుంది. కానీ తేమ నిలవదు. పిల్లలకూ, రెడ్‌ఫుట్ లాంటి తేమ జాతులకూ మూత ఉన్న పెట్టె నయం. మూత ఉన్నదాంట్లో వేడి అనుకున్నదానికంటే త్వరగా పెరిగిపోతుంది, అందుకే థర్మోస్టాట్ (వేడి హద్దు దాటకుండా తనంతట తానే తగ్గించే పరికరం) లేకుండా దాని జోలికి వెళ్ళొద్దు, రెండు పక్కలా గాలి రంధ్రాలు ఉండాలి.

కొలత విషయానికొస్తే, చిన్న తాబేలుకైనా 120 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు కంటే తక్కువ చేయకండి. మరీ పొట్టిగా ఉన్న గూట్లో వేడి వైపుకూ చల్లటి వైపుకూ తేడాయే రాదు, అప్పుడు ఎంత మంచి బల్బు కొన్నా లాభం లేదు.

కింద ఏం పరచాలి?

రసాయనాలూ ఎరువులూ కలపని మామూలు తోటమట్టి, కొబ్బరి పొట్టు కలిపి పరచండి. లోతు కనీసం తాబేలు డిప్ప పొడవంత ఉంటే అది తవ్వుకుని సగం దాకా కూరుకుపోయి పడుకుంటుంది, దానికి అంతకంటే సుఖం లేదు. ఉట్టి ఇసుక వద్దు, తిండితో పాటు కడుపులోకి పోయి పేగుల్లో అడ్డం పడుతుంది, కళ్ళలో పడుతుంది. దేవదారు, పైన్ చెక్క పొట్టు వాసనలోని నూనెలు ఊపిరితిత్తులకు పడవు. వార్తాపత్రికల మీద కాళ్ళు జారతాయి, ఎదిగే పిల్లలకు కాళ్ళు పక్కలకు వాలిపోయే ప్రమాదం ఉంది.

తేమ ఎక్కువైతే జలుబు చేస్తుందంటారు, తేమ లేకపోతే డిప్పకు బుడిపెలు వస్తాయంటారు. ఏది నమ్మాలి?

రెండూ నిజమే, తేడా అంతా ఉష్ణోగ్రతలో ఉంది. తడి, చలి కలిస్తే ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుంది, అడుగు డిప్ప కుళ్ళుతుంది. తడి, వెచ్చదనం కలిస్తే అదే పిల్ల తాబేలుకు ప్రాణం. ఒకప్పుడు డిప్ప మీది పలకలు గోపురాల్లా లేవడానికి తిండిలో మాంసకృత్తులు ఎక్కువవడమే కారణమనేవాళ్ళు. 2003లో సుల్కాటా పిల్లల మీద చేసిన అధ్యయనంలో తిండి కంటే పొడి గాలి పాత్రే చాలా ఎక్కువని తేలింది. అడవిలో పిల్లలు రోజంతా ఎండలో తిరగవు, గడ్డి దుబ్బుల మొదళ్ళలో, బొరియల్లో చెమ్మగా ఉన్న చోట దాక్కుంటాయి.

కాబట్టి పైపైన నీళ్ళు చిలకరించి ఊరుకోకుండా, మట్టి మూలల్లో గోరువెచ్చటి నీళ్ళు పోయండి, అడుగు పొర చెమ్మగా ఉండి పై పొర పొడిగా ఉంటుంది. చేత్తో అడుగు మట్టి తీసి పిండితే ముద్ద కట్టాలి, నీళ్ళు మాత్రం కారకూడదు.

దాక్కునే గూడు ఏ వైపు పెట్టాలి? నీళ్ళ పళ్ళెం ఎక్కడ?

దాక్కునే చోట్లు కనీసం రెండు ఉండాలి, ఒకటి వెచ్చటి వైపు, ఇంకొకటి చల్లటి వైపు. ఒక్కటే పెడితే పాపం తాబేలు భద్రత కావాలా వెచ్చదనం కావాలా అని తేల్చుకోలేక, భయపడ్డప్పుడల్లా చలిలోనే ముడుచుకుని కూర్చుంటుంది. నీళ్ళ పళ్ళెం చల్లటి వైపు ఉండాలి, అంచు తక్కువగా ఉండి తాబేలు నడిచి లోపలికి దిగి నడిచి బయటికి రాగలగాలి, నీళ్ళు గడ్డం దాటకూడదు. మొక్కల కుండీల కింద పెట్టే మట్టి పళ్ళాలు దీనికి బాగా సరిపోతాయి.

ఒంటరిగా ఉంటే దిగులు పడుతుందా? జతగా ఇంకొకటి తేవాలా?

పడదు. ఒకే గూట్లో రెండు ఉంటే బలమైనది బల్బు కింద చోటు ఆక్రమించుకుంటుంది, రెండోది చలిలో మిగిలిపోయి మెల్లగా చిక్కిపోతుంది. కొట్లాట కళ్ళకు కనిపించకపోయినా ఇది జరుగుతూనే ఉంటుంది. వేర్వేరు జాతులను కలపడం మరీ తప్పు, ఒకదానికి హాని చేయని క్రిమి ఇంకోదాన్ని చంపేయగలదు.

## వేడి, వెలుగు అమర్చేటప్పుడు

గది వెచ్చగానే ఉంది కదా, మళ్ళీ బల్బు ఎందుకు?

మన ఒంట్లో వేడి మనమే పుట్టించుకుంటాం. తాబేలుకు ఆ వీలు లేదు. తిన్నది అరగాలన్నా, జబ్బుతో పోరాడాలన్నా బయట నుంచి వేడి ఎక్కించుకోవాల్సిందే. మనకు హాయిగా ఉండే 25 డిగ్రీల గదిలో అది నడుస్తుంది, నాలుగు ఆకులు నములుతుంది కూడా, అందుకే అంతా బాగుందనిపిస్తుంది. కడుపులో తిండి మాత్రం సరిగా అరగదు.

పొద్దున బల్బు వెలిగాక ఆరోగ్యంగా ఉన్న తాబేలును గమనించండి. మట్టిలోంచి లేచి నెమ్మదిగా వెలుగు కిందికి నడుస్తుంది, మెడ పూర్తిగా చాపి, నాలుగు కాళ్ళూ పక్కలకు బార్లా వదిలేసి, గోళ్ళు వెనక్కి తిరిగేలా పడుకుంటుంది. కొత్తవాళ్ళు చచ్చిపోయిందేమోనని కంగారు పడతారు. అరగంటకో గంటకో లేచి తిండి వెతుక్కుంటుంది, ఒళ్ళు వేడెక్కితే తనే నీడకు పోతుంది. దానికున్న థర్మోస్టాట్ ఆ నడకే. గూట్లో ఏది అమర్చినా ఆ నడకకు చోటు మిగులుతోందా అని చూసుకోండి.

ఏ బల్బు కొనాలి?

పగటి వేడికి వెలుగు, వేడి రెండూ ఇచ్చే హాలోజన్ ఫ్లడ్ బల్బు మంచిది. ఫ్లడ్ అని ఎందుకంటున్నానంటే, స్పాట్ బల్బు వేడినంతా చిన్న బిందువులో గుమ్మరిస్తుంది, డిప్ప నడినెత్తి మాడిపోతుంటే కాళ్ళు చల్లగానే ఉంటాయి, ఒళ్ళు వేడెక్కలేదని తాబేలు అక్కడే కూర్చుంటుంది. వేడి కనీసం డిప్ప అంతటా సమానంగా పడాలి. తాబేలు పెద్దదైతే ఒక పెద్ద వాటేజి బల్బు బదులు తక్కువ వాటేజివి రెండో మూడో పక్కపక్కన పెట్టండి.

ఎల్‌ఈడీ బల్బులతో వెలుగే తప్ప కాచుకునే వేడి రాదు.

బల్బు ఎంత ఎత్తులో వేలాడదీయాలి?

30 సెంటీమీటర్ల దగ్గర మొదలుపెట్టి, థర్మామీటరు చెప్పినదాన్ని బట్టి పైకీ కిందికీ జరపండి. అంతకంటే ఎక్కువ దూరం ఉండాలని డబ్బా మీద రాసి ఉంటే అదే పాటించండి. కొలవాల్సింది తాబేలు డిప్ప పైభాగం ఎంత ఎత్తులో ఉంటుందో ఆ ఎత్తులో. నేల మీద 33 చూపిస్తున్న చోట, అంతకు 15 సెంటీమీటర్ల పైన ఉండే వీపు మీద వేడి చాలా ఎక్కువగా ఉండొచ్చు. కాచుకునే చోట ఒక రాయి పెడితే ఎత్తు మారిపోతుంది, మళ్ళీ కొలవాలి. తాబేలు ఎదిగిన కొద్దీ వీపు బల్బుకు దగ్గరవుతుందన్నది చాలామందికి తట్టదు, నెలకోసారి కొలుస్తుండండి.

గోడకు అంటించే గుండ్రటి ముల్లు మీటర్లను నమ్మకండి, అవి గోడ వేడి చెబుతాయి. వైరు చివర వేడిని పసిగట్టే మొన (ప్రోబు) ఉండే డిజిటల్ మీటర్లు రెండు కొని, వేడి వైపు ఒకటి, చల్లటి వైపు ఒకటి పెట్టండి.

కింద పరిచే కరెంటు హీట్ మ్యాట్, కరెంటుతో వేడెక్కే రాయి వాడొచ్చా?

వేడి రాయి అస్సలు వద్దు. తాబేలుకు వేడి పైనుంచి, సూర్యుడి నుంచి వస్తుందని తెలుసు, వేడెక్కితే చల్లదనం కోసం కిందికి తవ్వుతుంది. కింద మ్యాట్ ఉంటే ఆ తవ్వడమే దాన్ని ఇంకా వేడి దగ్గరికి తీసుకుపోతుంది. పొట్ట వైపు డిప్ప నెమ్మదిగా కాలుతున్నా చాలా తాబేళ్ళు లేచి పక్కకు పోవు, మనం ఎత్తి చూసేసరికి పుండు పడి ఉంటుంది. మూత ఉన్న పెట్టెకు అదనంగా వెచ్చదనం కావాలంటే మ్యాట్‌ను గోడకు నిలువుగా బిగించి థర్మోస్టాట్‌కు కలపొచ్చు, అంతవరకే.

థర్మోస్టాట్ తప్పనిసరా? ఖరీదెక్కువ కదా.

సిరామిక్ హీటరుకూ (వెలుగు లేకుండా వేడి మాత్రమే ఇచ్చేది), మూత ఉన్న పెట్టెకూ తప్పనిసరి. వెలుగిచ్చే బల్బుకు వెలుతురు తగ్గించి పెంచే డిమ్మింగ్ రకం తీసుకోండి. ఆన్-ఆఫ్ రకం పెడితే బల్బు రోజంతా వెలిగి ఆరుతూ తాబేలును బెదరగొడుతుంది, బల్బు కూడా త్వరగా పోతుంది. యూవీ (ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలు), వేడి కలిపి ఇచ్చే మెర్క్యురీ వేపర్ బల్బును డిమ్మర్‌కు కలపకూడదు, దాని వేడిని ఎత్తు మార్చి సరిచేయాల్సిందే.

ప్రోబును ఏదో ఒక మూల పడేయకుండా కాచుకునే చోటికి పక్కనే గట్టిగా బిగించండి. తాబేలు దాన్ని తన్ని చల్లటి మట్టిలోకి లాగేస్తే గూడు చల్లబడిందనుకుని థర్మోస్టాట్ హీటరును పూర్తి జోరుతో నడిపిస్తుంది. కొన్న రోజు కాకుండా, రోజూ పొద్దున ఒక్క చూపు ప్రోబు ఉన్న చోట ఉందా అని చూడడం అలవాటు చేసుకోండి.

క్లిప్పు ఉన్న ల్యాంపు సరిపోతుందా?

మొదట్లో నేనూ అదే పెట్టాను. స్ప్రింగు వేడికి రోజురోజుకూ పట్టు వదిలినట్టుంది, నేను గమనించలేదు. ఒక సాయంత్రం వంటింట్లో ఉండగా ఏదో మాడుతున్న వాసన వచ్చింది, పొయ్యి మీద ఏమీ లేదు. వెళ్ళి చూస్తే ల్యాంపు పక్కకు ఒరిగి దాని అంచు కొబ్బరి పొట్టుకు ఆనుకుని ఉంది, అక్కడ అరచేతంత మేర నల్లగా మాడి అంచుల వెంట సన్నగా పొగ లేస్తోంది. తాబేలు అవతలి మూలన తల మట్టిలో దూర్చుకుని ఉంది. ఇంకో అరగంట ఆలస్యమైతే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకోబుద్ధి కాదు.

ల్యాంపును పైనున్న దూలానికో ఇనుప స్టాండుకో కొక్కెం వేసి, లోహపు గొలుసుతో వేలాడదీయండి. ఒక గొలుసు తెగినా నిలబడేలా రెండోది విడిగా ఇంకో కొక్కేనికి కట్టండి. వైరు మీద బరువు పడకూడదు. హోల్డరు పింగాణీది అయి ఉండాలి, ప్లాస్టిక్ హోల్డరు కొన్నాళ్ళకు కరిగి పెళుసుబారుతుంది. సిరామిక్ హీటరు ఉపరితలం 200 డిగ్రీలు దాటుతుంది, వెలుగు ఉండదు కాబట్టి వేడిగా ఉందని చూస్తే తెలియదు, చుట్టూ లోహపు జాలి తప్పకుండా ఉండాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో అయితే మరీను.

వైర్లు, ప్లగ్గుల విషయంలో ఏం చూసుకోవాలి?

నీళ్ళు, మట్టి, కరెంటు ఒకచోట ఉన్నాయి కాబట్టి లీకేజీ కరెంటును పట్టి ఆపేసే ట్రిప్పరు ఆ లైనుకు ఉండాలి. ప్లగ్గు బోర్డు గూటి కంటే ఎత్తులో గోడకు ఉండాలి. వైరు ప్లగ్గులోకి నేరుగా దిగకుండా కాస్త కిందికి వేలాడి మళ్ళీ పైకి వెళ్ళేలా వదిలితే, వైరు వెంట జారే నీటి చుక్క ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది. ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు అన్నీ తగిలించకండి, వారానికోసారి ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడండి, వేడిగా తగిలితే ఆపేసి మార్చండి. ఆ గదిలో పొగ అలారం ఉండాలి.

కిటికీలోంచి ఎండ వస్తోంది, యూవీబీ ట్యూబు ఇంకా ఎందుకు?

మామూలు కిటికీ అద్దం వెలుగును రానిస్తుంది గానీ ఎండలోని యూవీబీ అనే అతినీలలోహిత కిరణాలను దాదాపు మొత్తం ఆపేస్తుంది. ఆ కిరణాలు చర్మం మీద పడితేనే తాబేలు ఒంట్లో డి3 విటమిన్ తయారవుతుంది, డి3 లేకపోతే తిన్న కాల్షియం ఎముకలకు అందదు. డిప్ప మెత్తబడుతుంది, కాళ్ళు వంకర పోతాయి, పిల్లల్లో ఇది కొన్ని నెలల్లోనే కనిపిస్తుంది. అద్దం వెనక ఎండ పడే చోట గూడు పెడితే యూవీబీ అందదు సరికదా, గూడు పొయ్యిలా వేడెక్కుతుంది.

గూటి పొడవులో సగం దాకా వచ్చే టీ5 రకం (సన్నటి) యూవీబీ ట్యూబు తీసుకుని వేడి బల్బు పక్కనే అమర్చండి, తాబేలు కాచుకుంటున్నప్పుడే రెండూ మీద పడాలి. మధ్యలో సన్నజాలి ఉంటే కిరణాలు బాగా తగ్గిపోతాయి, ప్లాస్టిక్ షీటు ఉంటే అసలు రావు. చిన్న మెలికల బల్బు రకానివి కొంచెం చోటుకే సరిపోతాయి, నేను వాటిని సిఫారసు చేయను.

ట్యూబు బాగానే వెలుగుతోంది, అయినా మార్చాలా?

మార్చాలి. వెలుగు ఉన్నా అందులో యూవీబీ నెమ్మదిగా తగ్గిపోతుంది, అది మన కంటికి తెలియదు. టీ5 ట్యూబులను సాధారణంగా ఏడాదికోసారి, పాత టీ8 రకాన్ని ఆరు నెలలకోసారి మారుస్తారు. బిగించిన తేదీ మార్కరుతో ట్యూబు చివర రాసి పెట్టుకోండి.

రాత్రంతా ఎర్ర బల్బు వేసి ఉంచొచ్చా? అది దానికి కనిపించదట కదా.

కనిపిస్తుంది. తాబేళ్ళకు ఎరుపు చక్కగా తెలుస్తుంది. రాత్రి 10 నుంచి 12 గంటలు పూర్తి చీకటి ఉండాలి, లేకపోతే నిద్ర చెడి తిండి మీద చూపు పోతుంది. రాత్రి వేడి కావాలంటే వెలుగు లేని సిరామిక్ హీటరు పెట్టండి.

## రాత్రులు, చలి రోజులు, కరెంటు లేని రోజులు

రాత్రి కూడా వేడి కావాలా?

ఆరోగ్యంగా ఉన్న పెద్ద హెర్మన్, గ్రీక్, రష్యన్ తాబేళ్ళకు గది 15 డిగ్రీల కంటే పడిపోకపోతే అక్కర్లేదు, రాత్రి కాస్త చల్లబడడం వాటికి సహజం. సుల్కాటా, లెపర్డ్, నక్షత్ర తాబేలు, రెడ్‌ఫుట్‌లకు 21, 22 డిగ్రీల కంటే దిగకుండా చూడండి. పిల్లలకూ, జబ్బు చేసినవాటికీ ఏ జాతైనా రాత్రి వెచ్చగానే ఉంచాలి.

కరెంటు పోయి చాలాసేపు రాకపోతే?

ముందు టెన్షన్ పడకండి, పెద్ద తాబేలు ఒక రాత్రి చల్లదనాన్ని మామూలుగానే తట్టుకుంటుంది. పిల్లలనూ, వేడి దేశాల జాతులనూ గాలి రంధ్రాలున్న థర్మాకోల్ డబ్బాలోకి మార్చి, సీసాలో వేడి నీళ్ళు పోసి మందపాటి తువ్వాలు చుట్టి ఒక పక్కన పెట్టండి, ఇంకో పక్క ఖాళీ వదలండి. సీసా చల్లారితే మార్చండి. ఒళ్ళు చల్లబడి ఉన్నప్పుడు తిండి పెట్టకండి, అరగదు. గదిలో బొగ్గుల కుంపటి, గ్యాస్ పొయ్యి, జనరేటరు మాత్రం పెట్టకండి, కార్బన్ మోనాక్సైడ్ తాబేలుతో పాటు మీ ప్రాణం కూడా తీస్తుంది.

కరెంటు వచ్చాక టైమరు చూసుకోండి. తిప్పే రకం టైమరు కరెంటు లేనంతసేపూ ఆగిపోతుంది, ఐదు గంటలు పోతే లైట్లన్నీ రోజూ ఐదు గంటలు ఆలస్యంగా వెలుగుతాయి.

చలికాలంలో నిద్రపుచ్చాలంటారు, నిజమేనా?

హెర్మన్, గ్రీక్, రష్యన్, మార్జినేటెడ్ తాబేళ్ళు నిద్రపోతాయి. సుల్కాటా, లెపర్డ్, నక్షత్ర తాబేలు, రెడ్‌ఫుట్ నిద్రపోవు, వాటిని చలిలో పెట్టడమంటే చంపుకోవడమే. నిద్రకు 5 డిగ్రీలు సరైనది, 3కీ 7కీ మధ్య నిలకడగా ఉండాలి. సున్నాకు దిగితే కళ్ళు దెబ్బతింటాయి, 10 దాటితే సగం మెలకువ వచ్చి ఒంట్లో దాచుకున్న కొవ్వు కరిగిపోతుంది. కడుపులో తిండి మిగిలి ఉండగా నిద్రలోకి పోతే అది లోపలే కుళ్ళుతుంది, అందుకే కొన్ని వారాల ముందే తిండి ఆపి, రోజూ గోరువెచ్చటి నీళ్ళలో కూర్చోబెట్టాలి. వైద్యులు బరువు, ఆరోగ్యం చూసి సరే అన్నాకే మొదలుపెట్టండి. అనుమానంగా ఉంటే ఆ ఏడాది నిద్ర లేకుండా వెచ్చగా ఉంచేయండి. అన్నిటికంటే చెడ్డది మధ్యలో వదిలేయడం, అంటే నిద్రపోయేంత చల్లగానూ లేక, తిని అరిగించుకునేంత వెచ్చగానూ లేక వారాల తరబడి 12, 15 డిగ్రీల గదిలో ఉంచడం.

ఎండలు ముదిరాయి, గది వేడి 35 డిగ్రీలు. బల్బు ఆపేయొచ్చా?

వేడి బల్బు ఆపేయండి, యూవీబీ ట్యూబు మాత్రం వెలగనివ్వండి. చల్లటి వైపు మట్టి తడపండి, నీళ్ళు రెండుసార్లు మార్చండి. చల్లటి వైపు కూడా 32 దాటుతుంటే గూటిని ఇంట్లో చల్లగా ఉండే గదిలోకి మార్చాల్సిందే.

## ఆరుబయట వదిలేటప్పుడు

కాసేపు ఎండలో పెట్టొచ్చా?

తప్పకుండా, నిజమైన ఎండకు సాటి వచ్చే ట్యూబు లేదు. నీడ మాత్రం ఎప్పుడూ ఉండాలి, ఎండ కదిలేకొద్దీ నీడ కదిలిపోతుందని గుర్తుంచుకోండి. పది గంటలకు నీడగా ఉన్న మూల పన్నెండుకు మండుతుంటుంది. ప్లాస్టిక్ టబ్బులో, గాజు తొట్టిలో, కారులో ఎండలో ఒక్క నిమిషం కూడా వదలొద్దు. ఫోను మాట్లాడి వచ్చేలోపు పిల్ల తాబేళ్ళు పోయిన ఇళ్ళున్నాయి.

కంచె ఎలా ఉండాలి?

అవతల ఏముందో కనిపించని గోడ కావాలి, జాలి కంచె అయితే ఎక్కుతుంది లేదా తల ఇరికించుకుంటుంది. మూలల్లో పైన పలక అడ్డం పెట్టండి, తాబేళ్ళు మూలలు పట్టుకునే పైకెక్కుతాయి. అడుగున 30 సెంటీమీటర్లు నేలలోకి దించండి, సుల్కాటాకైతే అదీ చాలదు. పిల్లలకు పైన జాలి తప్పనిసరి, కాకులు ఎత్తుకుపోతాయి, ఎలుకలు కాళ్ళు కొరికేస్తాయి. ఇంట్లో కుక్క ఎంత మంచిదైనా దాని దగ్గర తాబేలును ఒంటరిగా వదలకండి, దాని కళ్ళకు డిప్ప నమిలే ఎముకలాగే ఉంటుంది.

## ఏదో తేడాగా అనిపించినప్పుడు

నోటి చుట్టూ నురగ వస్తోంది, కాళ్ళు కొట్టుకుంటోంది. ఏం చేయాలి?

ఒళ్ళు బాగా వేడెక్కింది, ఇది ప్రాణం మీదికి వచ్చిన స్థితి. వెంటనే నీడలోకి తెచ్చి గోరువెచ్చటి నీళ్ళలో గడ్డం మునగకుండా నిలబెట్టి, మెల్లగా చల్లటి నీళ్ళు కలుపుతూ రండి. ఐసు నీళ్ళు ఒకేసారి పోయకండి. తేరుకున్నట్టు కనిపించినా అదే రోజు వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళండి, లోపలి అవయవాల దెబ్బ తర్వాత బయటపడుతుంది.

ముక్కులోంచి బుడగలు వస్తున్నాయి, మెడ చాచి నోటితో ఊపిరి తీస్తోంది.

ఊపిరితిత్తుల జబ్బు లక్షణాలివి. తాబేలుకు దగ్గే శక్తి సరిగా ఉండదు, లోపల చేరిన కఫం దానంతట అది బయటికి రాదు, ఇంటి వైద్యంతో తగ్గదు. రాత్రి పగలు దాని జాతికి తగిన పై హద్దులో వెచ్చగా ఉంచి, వైద్యులకు చూపించండి. వెళ్ళేటప్పుడు గూటి ఉష్ణోగ్రతలు రాసి పట్టుకెళ్ళండి, మొదట అడిగేది అదే.

డిప్ప మీద ఒకచోట తెల్లగా, పొడిబారి, లేచినట్టుంది. కాలిందా?

బల్బుకు సరిగ్గా కింద ఉండే నడినెత్తి పలక అయితే కాలి ఉండొచ్చు. డిప్ప రాయి కాదు, దాని కింద ప్రాణమున్న ఎముక ఉంది, నరాలున్నాయి, నొప్పి తెలుస్తుంది. నూనెలు, పసుపు, లేపనాలు రాయకండి. బల్బు ఎత్తు సరిచేసి వైద్యులకు చూపించండి. కాలిన పలక ఊడి రావడానికి నెలలు పడుతుంది, అప్పటిదాకా క్రిమి చేరకుండా శుభ్రంగా ఉంచాలి.

వెల్లకిలా పడిపోయింది, ఎంతసేపు ఉందో తెలియదు.

నెమ్మదిగా పక్కకు తిప్పి నిలబెట్టండి. తాబేలు ఊపిరితిత్తులు వీపు డిప్ప కిందే ఉంటాయి, వెల్లకిలా పడితే పొట్టలోని అవయవాల బరువంతా వాటి మీద పడి ఊపిరి ఆడదు. అదే బల్బు కింద పడితే కదల్లేక కాలిపోతుంది కూడా. నీళ్ళలో కూర్చోబెట్టి, ఆ రోజంతా కనిపెట్టి ఉండండి. ఆ తర్వాత అది ఏది ఎక్కబోయి పడిందో వెతికి తీసేయండి. బల్బు కింద నేల ఎప్పుడూ చదునుగా ఉండాలి, పలచటి బండ ఒకటి చాలు, ఒకదాని మీద ఒకటి పేర్చిన రాళ్ళు, కర్ర ముక్కలు ఉంటే చల్లటి వైపుకు జరిపేయండి.